మామ కారుకు జాకెట్టు లైనింగు

కుట్టుపని చేతికి వచ్చిన కొత్తల్లో మనిషికి ఒక రకం పొగరు వస్తుంది. ఆ రోజుల్లో నాకు అది కాస్త ఎక్కువ మోతాదులోనే వచ్చింది. డిగ్రీ అయిపోయి, రావాల్సిన ఉద్యోగం దారి తప్పి ఎటో పోయి, కర్నూలులో మా ఇంటి ముందుగదిలో మిషను వేసుకుని జాకెట్లు కుట్టేదాన్ని. వీధిలో ఆడవాళ్లంతా నా దగ్గరికే వచ్చేవారు (మా అమ్మ వాళ్లను వాకిట్లోనే పట్టుకుని లోపలికి లాక్కొచ్చేదనుకోండి, అది వేరే సంగతి). భుజం జారని మెడ, చంకలో పట్టని చేయి, వంగినా లేచినా ఊడని హుక్కు, ఇవి మూడూ కుదిరేసరికి లోకంలో గుడ్డతో చేసే పని ఏదైనా నాకు లొంగి తీరుతుందని నమ్మేశాను. ముఖ్యంగా నేను కుట్టింది ఊడదు అనే మాట నా నోట్లో ఎప్పుడూ ఆడుతుండేది. ఇప్పుడు తలచుకుంటే, ఆ పిల్లను పిలిచి ఒక మొట్టికాయ వేయాలనిపిస్తుంది గానీ, వేస్తే సూది పెట్టి పొడిచే రకం.

మా మామ, అంటే మా అమ్మ తమ్ముడు, నా కంటే పెద్ద నమ్మకస్తుడు. మామకు వ్యాపారమంటే ప్రాణం. వ్యాపారానికే మామంటే గిట్టేది కాదు. నీళ్ల క్యాన్లు వేశాడు, ఆ ఏడు వీధివీధికీ నీళ్ల ప్లాంట్లు వచ్చాయి. కోళ్ల షెడ్డు పెట్టాడు, కోళ్లకు తెగులు వచ్చింది. జిరాక్సు మిషను కొన్నాడు, అంగడికి ఎదురుగా ఉన్న ఆఫీసు ఊరి చివరికి మారిపోయింది. ఇలా లాభం లేదని, బేతంచర్లలో నాపరాళ్ల ఫ్యాక్టరీ ఉన్న మా అత్తవాళ్ల నాన్న ఒక మాట పంపాడు. అల్లుడు వచ్చి తన కిందే సూపర్‌వైజరుగా కూర్చోవచ్చని. మాట మర్యాదగానే ఉంది. కానీ పిల్లనిచ్చిన మామ కుర్చీలో కూర్చుంటే ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడి, ఈ రోజు ఎన్ని రాళ్లు కోశామో చెప్పే బతుకు మా మామకు కళ్ల ముందు కనబడింది. వారం రోజులు అన్నం సరిగా తినలేదు. చివరికి వాళ్లమ్మ, అంటే మా అవ్వ ముందు కూర్చుని, "ఇంగ ఒక్కటి చూస్తామా. ఇది గూడా పాయనంటే నోరు మూసుకోని బేతంచర్లకే పోతా" అని తలమీద చేయి పెట్టుకుని ఒట్టేశాడు.

ఆ ఒక్కటి ఏమిటంటే, మా తాత అంబాసిడర్ కారు. తాత పోయాక అది డోన్ దగ్గర తాతవాళ్ల ఊళ్లో, ఎనుములు కట్టేసే కొట్టంలో, ఎనుముల పక్కనే ఉండేది. అప్పుడప్పుడే పెళ్లికి ముందు అబ్బాయినీ అమ్మాయినీ ఊళ్లూ గుళ్లూ తిప్పి ఫొటోలు తీయించే సరదా మా వైపు కూడా వచ్చింది. పాతకారు పక్కన నిలబడి తీయించుకుంటే ఫొటో గొప్పగా ఉంటుందని ఒక ఫొటోగ్రాఫరు మామ చెవిన వేశాడు. అంతే, కారు కొట్టం దాటింది. ఇంజను కదిలింది, రంగు పడింది, సీట్లు మెత్తబడ్డాయి. కడపలో ఒక బట్టల వ్యాపారుల ఇంటి పెళ్లికి బేరం కూడా కుదిరింది. ఒంటిమిట్ట గుడి ముందు ఫొటోలు. మిగిలిందల్లా కారు లోపల తల మీద ఉండే గుడ్డ ఒక్కటే. అది అక్కడక్కడా ఊడి, పొట్టలు పొట్టలుగా వేలాడుతూ, కూర్చున్నవాళ్ల నెత్తిని నిమురుతూ ఉండేది. తాత బతికున్నప్పుడే ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో ఆ గుడ్డ పట్టుకుని నడిపేవాడని అవ్వ చెప్పేది.

ఇక్కడే ఒక మాట మా కొంప ముంచింది. సీటుకవర్లు వేసే మేస్త్రీని అడిగితే, ఇప్పుడు ఆ రకం ఎవరూ వేయరని, కావాలంటే స్పాంజీ అట్ట అంటిస్తానని అన్నాడట. మామకేమో అచ్చం పాతకాలంలో లాగే కావాలి. మేస్త్రీ విసుగుపడి, "అది లైనింగప్పా, కుట్టేదుంటాది. కుట్టేటోళ్లు ఇప్పుడు యాడుండారు?" అన్నాడు. లైనింగు అన్న మాట వినగానే మామ మొహం వెలిగిపోయింది. తిన్నగా మా ఇంటికి వచ్చి, నిలబడే చెంబెడు నీళ్లు తాగి, "ఏమ్మే పాపా, నువ్వు లైనింగు కుడతావు గదా?" అన్నాడు. రోజూ కుట్టేదే కదా, కుడతానన్నాను. "అంతే, పనైపాయ" అన్నాడు. అత్తకు కొత్త జాకెట్టు కాబోలు అనుకుని, చేతులకు కూడా వేయాలా, ఒంటికి మాత్రమేనా అని అడిగాను. మామ కాసేపు ఆలోచించి, తలుపులకు అక్కర్లేదు, పైన మాత్రమే చాలన్నాడు.

విషయం తెలిశాక కాదనాల్సింది. కానీ చెప్పాను కదా, పొగరు. జాకెట్టులో వంపులుంటాయి, కారు కప్పు బల్లపరుపుగా ఉంటుంది, ఇదేం లెక్క అనుకున్నాను. కర్నూలు పాతబస్తీలో నాకు వాడుకగా ఇచ్చే అంగడిలోనే మీగడరంగు నూలు లైనింగు గుడ్డ తీసుకున్నాను. జాకెట్టు లైనింగు కుట్టబోయే ముందు నీళ్లలో నానబెట్టి ఆరేయడం మా పనిలో పద్ధతి, లేకపోతే తర్వాత కుంచించుకుపోయి పైబట్టను లాగేస్తుంది. పద్ధతి తప్పనిదాన్ని కదా, కారు గుడ్డను కూడా బకెట్లో నానబెట్టి మిద్దె మీద ఆరేశాను. ఆ గుడ్డ బిర్రుగా నిలబడాలంటే కొంచెం కుంచించుకుపోవడమే మంచిదని, ఉన్న ఆ కాస్త గుణాన్నీ నేనే ముందుగా బకెట్లో వదిలించేశానని చాలాకాలం తర్వాత గానీ తెలియలేదు.

పాతగుడ్డ విప్పే పని, మా ఇంటి ముందు నిలిపిన కారు వెనక సీట్లో వెల్లకిలా పడుకుని మొదలుపెట్టాను. ఒక మూల కుట్టు తెంపానో లేదో, నా మొహం మీద వేరుశనగ కాయలు జలజల రాలాయి. కొట్టంలోని ఉడుతలు ఎన్నేళ్ల నుంచి దాచుకున్నాయో పాపం. అవ్వ కొంగు పట్టి వాటిని ఏరుకుంటూ, పుచ్చినవి పోను ఊర్మిండికి, అదే రోటి పచ్చడికి, వస్తాయంది. గుడ్డ కిందికి దిగాక చూస్తే, కారు కప్పుకు అడ్డంగా వంగిన ఇనుప కమ్మీలున్నాయి. గుడ్డకు వెనకవైపు పొడుగ్గా మడతలు కుట్టి, వాటిలోంచి ఆ కమ్మీలు దూర్చారు. నేను తల గోక్కుంటుంటే అవ్వ కిటికీలోంచి తొంగి చూసి, "లంగాకు బొందు ఎక్కిచ్చినట్టే గదమ్మే, దీనికింత ఆలోచనెందుకు?" అంది. నిజమే, తాత కారు లంగా కట్టుకుంది, అంతే. నాకు ప్రాణం లేచివచ్చింది.

మరి కొలతలో? ఎవరైనా జాకెట్టు కుట్టమని వస్తే, బాగా కుదిరిన పాత జాకెట్టు ఒకటి ఆదికి తెస్తారు. ఆదిని నమ్మడం మా పనిలో మొదటి ధర్మం. పాతగుడ్డనే ఆదిగా పరిచి, దాని మీద కొత్తది పెట్టి, అంగుళం అటూ ఇటూ పోకుండా కత్తిరించాను. పైగా పక్కల్లో కొంత గుడ్డ మడిచి లోపలికి వదిలాను. అదెందుకే అని అమ్మ అడిగితే, రేపు ఎప్పుడైనా విప్పుకోవడానికి అన్నాను. "కారేమన్నా లావైతాదా?" అంది అమ్మ. నాకు కోపం వచ్చి మిషను ఇంకా గట్టిగా తొక్కాను. కమ్మీలు దూర్చి పైకెక్కించి చూసుకుంటే, కొత్తగుడ్డ అచ్చం పాతగుడ్డ లాగే పొట్టలు పొట్టలుగా వేలాడుతోంది. ఎన్నో ఏళ్లుగా సాగి జారిపోయినదాన్ని ఆదిగా పెట్టుకున్నానని అప్పుడు వెలిగింది. మామ సీట్లో వెనక్కి వాలి చూసి, పాతదే మళ్లీ ఉతికి పెట్టావా అని అడిగాడు. ఆది ఎట్లుంటే అట్లే వస్తుంది మామా అన్నాను, తప్పంతా తాతదైనట్టు.

దాన్ని దింపి, జాకెట్టు ముందుభాగానికి పట్టినట్టే అక్కడక్కడా టక్కులు పట్టి కుదించాను. ఆ విధంగా మా తాత కారు కప్పుకు ఎదకట్టు అమరింది. ఇంక అంచులు పట్టుకోవడానికి మొదట్లో ఉన్న ఇనుప పళ్ల పట్టీలు తుప్పుపట్టి రాలిపోయాయి కాబట్టి, చెప్పులు అతికించే జిగురు తెచ్చి పూశాను. ముందుభాగాన్ని కమ్మీలు మోస్తున్నాయి. వెనక సీటు మీద ఉన్న భాగానికి మాత్రం కమ్మీ లేదు, దానికి దిక్కు జిగురే. అంటించి, వెనక్కి జరిగి చూసుకుంటే నిజంగానే బాగుంది. మామ కళ్లలో నీళ్లు తిరిగాయి. నా తల నిమిరి, "బేతంచర్ల తప్పిచ్చినావు పాపా" అన్నాడు. అన్ని జాకెట్లు కుట్టాను గానీ, ఎవరి కళ్లలోనూ నీళ్లు చూడలేదు అంతకు ముందు (కుదరని వాటికి తప్ప). ఆ మాటకు నాకు గుండె నిండిపోయింది.

ఎండాకాలం మొదలైంది. ఫొటోల రోజు తెల్లవారుతూనే మామ ఇస్త్రీచొక్కా వేసుకుని బయలుదేరాడు. ఏదైనా కుట్టు ఊడితే చూసుకోవాలని నన్నూ ఎక్కించుకున్నాడు. నంద్యాల దాకా హాయిగా ఉంది. ఆళ్లగడ్డ దాటాక ఎండ ముదిరింది, కారు లోపల జిగురు వాసన మొదలైంది. మైదుకూరు వచ్చేసరికి వెనకభాగం అంచు నెమ్మదిగా కిందికి చూడసాగింది. నేను రెండు చేతులతో దాన్ని పైకి ఒత్తి పట్టుకుని కూర్చున్నాను. మామ అద్దంలో చూసి, అట్లా చేతులెత్తి కూర్చుంటే ఎదురుగా వచ్చేవాళ్లు నిన్ను దోచుకుంటున్నానని అనుకుంటారన్నాడు. ఆ మాట నవ్వుతూనే అన్నాడు గానీ, అద్దంలో అతని కళ్లు నవ్వడం లేదు. కడపలో ఆగినప్పుడు నా పర్సులో ఉన్న పిన్నీసులు, జడలో ఉన్నవి, ఆఖరికి పమిటకు పెట్టుకున్న పిన్నీసు కూడా తీసి ఆ గుడ్డకు గుచ్చాను. పమిటను ఒంటికి చుట్టుకుని నడుములో దోపుకున్నాను.

ఒంటిమిట్టకు అమ్మాయి తరపువాళ్లూ అబ్బాయి తరపువాళ్లూ బండ్లు నింపుకుని వచ్చారు. ఫొటోలు ఇద్దరికైనా, చూసేవాళ్లు ఊరంత. పాపం ఆ అబ్బాయి అమ్మాయి వైపు తిరిగితే అత్తలు దగ్గేవారు, అమ్మాయి నవ్వబోతే మేనమామలు ఆకాశం చూసేవారు. వచ్చినప్పటి నుంచి ఇద్దరూ కర్రల్లా నిలబడ్డారు. ఫొటోగ్రాఫరు నవ్వండి నవ్వండి అని అరిచి అరిచి, తనే నవ్వడం మానేశాడు. ఇలా కాదని ఇద్దరినీ కారు వెనక సీట్లో కూర్చోబెట్టి, గోపురం నీడ అద్దాల్లో పడాలని అద్దాలన్నీ ఎత్తించాడు. మిట్టమధ్యాహ్నపు ఎండ, మూసిన కారు, కరిగే జిగురు. నేను బయట నిలబడి కోదండరాముడికి మొక్కుతూనే ఉన్నాను, ఆ స్వామికి విల్లు విరవడం తెలుసు గానీ గుడ్డ పట్టుకోవడం తెలుసో తెలియదో అనుకుంటూ. లోపల ఒక పిన్నీసు టక్కుమంది. తర్వాత రెండోది. ఆ తర్వాత వెనకభాగం గుడ్డ అంతా ఒక్కసారిగా ఇద్దరి తలల మీదికి దిగి, ఇద్దరినీ నిండుగా కప్పేసింది.

అబ్బాయి తరపు పెద్దాయన ఒకాయన, మీద తెల్లగుడ్డ కప్పడం మంచిది కాదని మెల్లగా అన్నాడు. మెల్లగా అన్న మాటే అందరికీ వినబడింది. ఆడవాళ్ల మొహాలు మారిపోయాయి. మామ వైపు చూశాను. అతను స్టీరింగు పట్టుకుని ఎదురుగా రోడ్డు వైపు చూస్తున్నాడు, బేతంచర్ల దాకా ఆ రోడ్డే కనబడుతున్నట్టు. నాకు ఏడుపొచ్చింది. నా పొగరు పోయినందుకు కాదు. ఆ మనిషి ఇంకెప్పుడూ ఎవరి ముందూ ధైర్యంగా మాట్లాడడేమోనని.

అప్పుడు అమ్మాయి జేజి, అంటే నాయనమ్మ, జనాన్ని తోసుకుని వచ్చి తలుపు తీసింది. కడపలో వాళ్ల అంగట్లో గుడ్డలు చింపి చింపి బొటనవేలు గట్టిపడిన మనిషి. ఆమె గుడ్డ అంచు పట్టుకుని, రెండు వేళ్ల మధ్య నలిపి, నా వైపు తిరిగింది.

"ఏమ్మే, ఇది జాకెట్టు లైనింగు గదా?"

అవును జేజీ అన్నాను.

ఆమె అంచు తిప్పి చూసింది. మూలన పసుపు బొట్టు ఉంది. కొత్తబట్ట కట్టుకునే ముందు మూలన పసుపు పెట్టడం ఇళ్లల్లో ఉన్నదే గానీ, మా అవ్వ కారు గుడ్డకు కూడా ఎప్పుడు పెట్టిందో నాకు తెలియదు. జేజి ఆ మూలను పెద్దాయన వైపు ఎత్తి చూపించింది.

"తెల్లగుడ్డ అంటాండావే, ఇది తెలుపు యాడుండాదప్పా? మీగడరంగు. ఇన్నేండ్లు గుడ్డలమ్మినదాన్ని, నాకు తెలీదా? పసుపు పెట్టిన కొత్తబట్ట పిల్లల మింద పడితే చెడేముండాది? పెండ్లినాడు అడ్డుతెర పట్టేది ఎట్లనూ ఉండాది, ఈ పొద్దే పట్టినామనుకోండి."

గుడ్డ ఎత్తబోయింది. లోపల నుంచి కిచకిచమని నవ్వు వినబడింది. అప్పటిదాకా నోరు విప్పని అమ్మాయి, "జేజీ, ఇంగొంచెంసేపు ఉండనీ" అంది.

ఆ తర్వాత ఒంటిమిట్ట ముందు నవ్వనివాళ్లు లేరు. పెద్దాయన కూడా కండువా అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఫొటోగ్రాఫరుకు అప్పుడు తెలివి వచ్చి టపటపా తీశాడు. మీగడరంగు గుడ్డ కింద రెండు తలలు దగ్గరికి వంగి ఉండటం, గుడ్డ ఎత్తగానే ఇద్దరి మొహాల్లో ఆ నవ్వు, ఆ ఫొటోలు కడప నుంచి కర్నూలు దాకా ప్రతి ఫోనులోనూ తిరిగాయి. ఇంటికి వచ్చిన నెల లోపే మామకు బేరాలు మొదలయ్యాయి. అందరూ ముందుగా అడిగేది ఒకటే, గుడ్డ పడే కారు మీదేనా అని.

ఈలోగా నేనేం చేశానంటే, అవమానం తట్టుకోలేక కొత్తగా పళ్ల పట్టీలు తెప్పించి, గుడ్డ మార్చి, ఈసారి ఆదిని నమ్మకుండా కప్పునే కొలిచి, పిడుగు పడినా ఊడకుండా కుట్టాను. మామ వచ్చి చూసి తల పట్టుకున్నాడు. వదులు చేయాలి పాపా, పడకపోతే ఎవరూ రారన్నాడు. ఊడేటట్టు కుట్టమని నన్ను అడుగుతావా అని రెండురోజులు మామతో మాట్లాడలేదు. అవ్వ నా మిషను పక్కన వచ్చి కూర్చుని, వక్క నములుతూ, "నీ కుట్టు నిలబడాల్నా, మీ మామ నిలబడాల్నా, అది చూసుకో" అంది. ముక్కు చీదుకుంటూనే వెనకభాగం విప్పి, అంచుకు టిచ్‌బటన్లు వేసి, సన్నటి తాడు ఒకటి డ్రైవరు సీటు దాకా లాగాను. మామ ఆ తాడు లాగడంలో గొప్ప నేర్పు సంపాదించాడు. ఎప్పుడు లాగాలో జంట మొహాలు చూసి పసిగట్టేవాడు. బేతంచర్ల నుంచి ఒకసారి అత్తవాళ్ల నాన్నే వచ్చి, వెనక సీట్లో సర్దుకుని కూర్చుని, ఏదో పడుతుందట కదా అల్లుడూ అన్నాడు. మామ చాలా గౌరవంగా లాగాడు.

నాకు డోన్ సంబంధం కుదిరి పెళ్లయినప్పుడు, అప్పగింతలకు ఆ కారే పెట్టారు. టైలరు పిల్ల తన పెళ్లికారులోనే గుడ్డ మీదేసుకుందని వీధిలో ఎవరూ అనకూడదని, ముందురోజు నేనే కూర్చుని టిచ్‌బటన్లు తీసేసి చుట్టూ రెండుపేటల దారంతో కుట్టేశాను. కర్నూలు నుంచి డోన్ దాకా మామ నడిపాడు. పెళ్లికొడుకు మాటకారి కాదు. నా పక్కన కూర్చుని దారి పొడుగునా పైకి చూస్తూనే ఉన్నాడు, మధ్యలో మామ వైపు చూశాడు, మళ్లీ పైకి చూశాడు. వెల్దుర్తి దాటాక, నాకు మాత్రమే వినబడేట్టు, "ఇది పడదా?" అని అడిగాడు. మొదటి మాట అది, ఆయన నాతో మాట్లాడింది. నేను తల ఎత్తి, "పడదు. నేను కుట్టినాను" అన్నాను. అట్లనా అని ఆయన కిటికీలోంచి కందిచేల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఇప్పుడు నా షాపులో మిషను ముందు కూర్చున్నప్పుడు పెళ్లికారులో కూర్చున్న ఆనాటి నేను గుర్తొస్తే నవ్వొస్తుంది. ఒక్క కుట్టు వదులుగా వేసి ఉంటే నీ సొమ్మేం పోయేదే పిచ్చిదానా అని అడగాలనిపిస్తుంది.